ఆపరేటరమ్మ గుర్తులు

ఆ ఇంట్లో అమ్మకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఏళ్ళ తరబడి అదే మాట, అదే చోట, వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో ఏ గరిటో మసిగుడ్డో పట్టుకుని: "నా మాట ఈ ఇంట్లో ఎవరు విన్నారు గనక!"

అందులో అబద్ధం ఏమీ లేదు. ఎవరూ వినలేదు. వినకపోగా, నోరు తెరవగానే ముయ్యమన్నారు కూడా. ఎందుకంటే నాన్న పుస్తకాలు చదివే మనిషి. మనందరిలా మనసులో చదువుకోవడం కాదు. చూపు లేనివాళ్ళ కోసం పైకి చదివి రికార్డు చేసి ఇచ్చేవాడు. ఊళ్ళో వినే పుస్తకాల లైబ్రరీ ఒకటుంది. అక్కడి రికార్డింగు గది చెమ్మపట్టి పెచ్చులూడుతుంటే, బాగుచేయించేదాకా అని చెప్పి నాన్న మైకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ బాగుచేయించడం ఎప్పటికీ అవలేదు. వంటింటి పక్క గదిలో గోడలనిండా దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో కుర్చీ వేసుకుని, గొంతు బొంగురుపోయేదాకా ఆయన అక్కడే చదివాడు. ఆ గదిలోంచి ఇంట్లోవాళ్ళ కోసం వచ్చే మాట ఒక్కటే. "ష్!"

గిన్నె కింద పెడితే ష్. కుళాయి తిప్పితే ష్. అమ్మ "ఏవండీ" అని మొదలుపెట్టి "డీ" దాకా రాకముందే ష్. ఇప్పుడు నాన్న చదవడం మానేశాడు, దుప్పట్లు మళ్ళీ మంచాల మీదికి చేరాయి. అయినా అమ్మ మాట వినే అలవాటు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఆ రోజు పొద్దున కూడా అంతే. చిట్టి గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి ఏదో తెమ్మని చెప్పింది. చిట్టి "ఊఁ" అంది.

"ఏం తెమ్మన్నానో చెప్పు చూద్దాం."

చిట్టి పేపరు చదువుకుంటున్న నాన్న వైపు చూసింది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు.

"అనుకున్నాను. గోడకి చెప్పుకున్నా కాస్త పెచ్చన్నా రాలేది" అంది అమ్మ.

చిట్టికి కొంచెం సిగ్గేసింది. కానీ బస్సు వేళైంది, పైగా ఆ రోజు ఆఫీసులో పని మామూలు పని కాదు.

ముప్పై దగ్గర పడుతున్నా ఇంట్లో ఆమె చిట్టే. ఆఫీసులో మాత్రం కంప్యూటరమ్మ. పనిచేసేది నాన్న చదివిపెట్టిన లైబ్రరీలోనే. అక్కడ నాన్నని ఇప్పటికీ గొంతుగారు అంటారు. గొంతుగారమ్మాయి కదా అని ఉద్యోగం ఇచ్చారు, తీరా చూస్తే పని కూడా వచ్చు అని లైబ్రేరియన్ గారు నలుగురిలో మురిసిపోతుంటారు. చిట్టికి ఆ పొగడ్తలో మొదటి సగం నచ్చదు.

ఆ రోజు పని గుర్తులు మార్చడం. మనం పుస్తకం మూసేటప్పుడు మధ్యలో కాగితం ముక్క పెట్టుకుంటాం. వినేవాళ్ళకి ఆ కాగితం ముక్క బదులు పుస్తకం వినిపించే పెట్టె మీద ఒక బటన్ ఉంటుంది. నొక్కితే అక్కడ గుర్తు పడుతుంది, రేపు అక్కణ్ణుంచే వినొచ్చు. మనకైతే కాగితం జారిపోయినా పేజీలు అటూ ఇటూ తిప్పి చోటు పట్టేస్తాం. వాళ్ళకి గుర్తు పోయిందంటే గంటల తరబడి మొదట్నుంచీ వినుకుంటూ రావాల్సిందే. ఆ గుర్తులన్నీ ఇన్నాళ్ళూ ఒక పాత యంత్రంలో ఉన్నాయి. అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు ఆ సాయంత్రం దాన్ని ఆపేస్తున్నారు. ఈలోపల గుర్తులన్నీ కొత్త డేటాబేసులోకి చేరాలి. చేరనివి ఇంక లేనట్టే.

చిట్టి దీనికోసం ఒక ప్రోగ్రాం రాసిపెట్టుకుంది. ఒక్కో గుర్తుకీ ఒక్కో వరస. వరసలో ఎనిమిది గడులు: ఎవరిది, ఏ పుస్తకం, ఎన్నో భాగం, ఎన్ని నిమిషాల దగ్గర, ఏ రోజు పెట్టారు, ఇలాంటివి. ప్రోగ్రాం ఒక్కో మనిషి గుర్తులన్నిటినీ కట్టగట్టి, ఒకే ఆజ్ఞగా డేటాబేసుకి పంపుతుంది. అలా ఎందుకంటే ఒక మనిషి గుర్తుల్లో సగం వచ్చి సగం రాకపోవడం చిట్టికి ఇష్టం లేదు. వస్తే అన్నీ రావాలి, లేకపోతే ఎక్కడ ఆగిందో తనకి తెలియాలి. ముందు నలుగురివి పంపి చూసింది, వెళ్ళాయి. నలభై మందివి పంపింది, వెళ్ళాయి. ఇంకేముంది, మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోతుందనుకుంది.

సగం దారిలో ఆగిపోయింది.

మళ్ళీ నడిపింది. మళ్ళీ సరిగ్గా అక్కడే ఆగింది. కనపడ్డ సందేశం ఇదీ: నువ్వు ఇస్తానన్న విలువలు అరవై ఆరు వేల చిల్లర, ఇచ్చినవి ఎనిమిది వందల చిల్లర, మిగతావి ఏవి?

మిగతావి ఏవి అంటే చిట్టి గుండెల్లో రాయి పడింది. ఎక్కడో పడిపోతున్నాయన్నమాట. పాత యంత్రంలోంచి తీసేటప్పుడు పోయాయా? మధ్యలో తీగల్లో పోయాయా? ప్రోగ్రాంలో తనే ఎక్కడైనా జారవిడిచిందా? పొద్దున్నంతా అదే వెతుకులాట. రాసిన ప్రతి వాక్యాన్నీ పట్టి పట్టి చూసింది. పక్క బల్ల మీది కంప్యూటర్లోంచి నడిపి చూసింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ పోయినవాటి జాడ మాత్రం దొరకలేదు.

చివరికి విసిగిపోయి, వెతకడం మానేసి, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆగిపోతున్నది ఎవరి దగ్గర? ఒకే ఒక్క మనిషి దగ్గర, ఎవరో ఒకావిడ. ఆ మనిషికి గుర్తులెన్ని? మిగతావాళ్ళకి పదో ఇరవయ్యో ఉంటే, ఈ మనిషికి ఎనిమిది వేలు దాటాయి. ఒక్కోదానికి ఎనిమిది గడులు. గుణించి చూస్తే అరవై ఆరు వేల చిల్లర. అంటే చిట్టి ఇవ్వాల్సినవన్నీ ఇచ్చింది. ఒక్కటీ పోలేదు.

అప్పుడు ఆమెకి నాన్న పాత స్కూటర్ గుర్తొచ్చింది. దాని మీటరు అన్నీ తొమ్మిదులై, మర్నాడు అన్నీ సున్నాలైంది. నాన్న ఆ సున్నాలు చూపించి, బండి మళ్ళీ కొత్తదైందని వీధంతా చెప్పుకున్నాడు. ఇక్కడ జరిగింది కూడా అదే. ఒక ఆజ్ఞలో ఎన్ని విలువలొచ్చాయో లెక్క రాసుకునే చోటు చిన్నది. అరవై అయిదు వేల అయిదొందల చిల్లర దాకా పడుతుంది, అది దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. పైకి పొర్లినవి ఎనిమిది వందలు, అది చెప్తున్నవీ ఎనిమిది వందలే. పరిమితి వరసల మీద కాదు, గడుల మీద. తక్కువయ్యాయని పొద్దుట్నుంచీ ఏడుస్తుంటే, అసలు సంగతి ఎక్కువవడం!

చిట్టి కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వు విని లైబ్రేరియన్ గారు వచ్చారు. ఆయన ఎప్పుడూ నోట్లో పిప్పరమెంటు వేసుకుని ఉంటారు. మంచి మనిషే, కాకపోతే తొందర ఎక్కువ. సంగతంతా విని ఆ అంకె వైపు చూశారు.

"ఒక్క మనిషికి ఎనిమిది వేల గుర్తులా? బటన్ ఇరుక్కుపోయి ఉంటుందమ్మా. చెత్త. ఆవిడవి పక్కన పడేసి మిగతావి పంపించెయ్. ఇంకా సగం మంది ఉన్నారు, అవతల వాళ్ళు యంత్రం ఆపేస్తారు."

"అన్నీ పోతాయి కదండీ ఆవిడవి."

"ఒకటో రెండో నిజమైనవి ఉంటే మళ్ళీ పెట్టుకుంటారులే."

నిజం చెప్పాలంటే చిట్టికీ అలాగే అనిపించింది. ముందు మిగతావాళ్ళందరివీ పంపేసింది, చకచకా వెళ్ళిపోయాయి. ఇంక ఆవిడవి వదిలెయ్యడమే తరువాయి. అయితే బటన్ ఇరుక్కుంటే గుర్తులన్నీ ఒకే చోట గుట్టపడాలి కదా? ఇవి అలా లేవు. ఒకటి మూడో నిమిషంలో, ఇంకోటి పదకొండులో, ఆపైన చాలాసేపు ఏమీ లేక వెంటవెంటనే రెండు. పుస్తకం వెంట పుస్తకం, వందల పుస్తకాల్లో. ఆ పుస్తకాలన్నీ చదివిన గొంతు మాత్రం ఒక్కటే.

"మీరు టీ తాగి రండి. అంతలో చెప్తాను" అంది చిట్టి.

చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక గుర్తు తెరిచింది. నాన్న గొంతు, బొంగురుపోకముందు గొంతు, ఏదో యుద్ధం గురించి గంభీరంగా చదువుతోంది. కోట గోడ కూలింది. దాని వెనకాల, దూరంగా, సన్నగా: "ఏవండీ, గ్యాస్ అయిపోయింది. వినబడుతోందా?" కోట గోడ మీదికి సైనికులు ఎక్కుతూనే ఉన్నారు.

చిట్టి ఇంకో గుర్తు తెరిచింది. రాణి ఉత్తరం చదువుకుంటోంది. వెనకాల్నుంచి: "ఆ తలుపు మెల్లిగా వెయ్యండి, పిల్ల ఇప్పుడే పడుకుంది."

ఇంకోటి. "పాలు పొంగిపోతున్నాయి, నా చెయ్యి ఖాళీ లేదు, ఎవరన్నా రండర్రా!" మరోటి. "నేను మాట్లాడుతున్నది మనుషులతోనేనా?"

అన్నిట్లోనూ అమ్మే. చిట్టి కళ్ళు చెమర్చాయి. ఆవిడేమీ పోయిన మనిషి కాదు, ఇవాళ పొద్దున్నే గోడకి చెప్పుకున్న మనిషి. ఆవిడ గొంతు విని ఏడవాల్సిన అవసరం ఏముందో తెలియలేదు గానీ ఏడుపొచ్చింది. చెంపలు తుడుచుకుని ఫోన్ తీసింది.

అవతల రెండోసారి మోగకముందే ఎత్తారు. "హలో, ఎవరు కావాలండీ?" గొంతు పెద్దావిడది, కానీ గంటలా ఉంది.

"వినే పుస్తకాల లైబ్రరీ నుంచండీ. మీ గుర్తుల గురించి..."

"పోయాయా?" అందావిడ. ఆ గంట గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"పోలేదండీ, ఉన్నాయి. అన్నీ మీరు పెట్టినవేనా, లేక బటన్ ఏమన్నా ఇరుక్కుందా అని అడుగుదామని."

"బటన్‌కేం, నిక్షేపంలా ఉంది. అన్నీ నేను పెట్టినవే. ఏరి ఏరి పెట్టాను." చెప్పాలా వద్దా అన్నట్టు మొదలుపెట్టింది. "నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని తల్లీ. గదినిండా ఆడవాళ్ళం. ఎవరి ఫోన్లో వాళ్ళు మాట్లాడుతున్నా పక్కావిడ మాట చెవిన పడుతూనే ఉండేది. రిటైరయ్యాక నాకు అన్నీ బాగానే ఉన్నాయి, ఆ పక్క మాట ఒక్కటే లేదు. ఒకరోజు గొంతుగారి పుస్తకం వింటున్నానా, వెనకాల్నుంచి ఎవరో ఆవిడ, 'గ్యాస్ అయిపోయింది, వినబడుతోందా?' అంది. నేనిక్కడ కూర్చుని 'ఆఁ, వినబడుతోంది' అనేశాను!"

ఆవిడ నవ్వింది. చిట్టి కూడా నవ్వింది.

"అప్పట్నుంచీ ఆవిడ మాట్లాడినప్పుడల్లా ఓ గుర్తు. కథ ఒకసారి వింటే అయిపోతుంది. ఆవిడది అవదు. పొద్దున్నే టీ పెట్టుకుంటూ ఓ నాలుగు వింటే ఇంట్లో మనుషులున్నట్టుంటుంది. గొంతుగారు మాత్రం పలకరు చూడు, ఎంత కోపమొస్తుందో నాకు! అవి పోతే ఏ పుస్తకంలో ఏ మూలనుందో ఎక్కడని వెతుక్కోను తల్లీ? ఈ వయసులో మళ్ళీ అన్ని పుస్తకాలు వినగలనా?"

"పోవండీ. పోనివ్వను" అంది చిట్టి. చెప్పాలా అని ఒక్క క్షణం ఆలోచించి చెప్పేసింది. "ఆవిడ మా అమ్మండి."

ఆ గొంతు మళ్ళీ గంటలా మోగింది. "అయితే ఆ పడుకున్న పిల్లవి నువ్వా!" అందావిడ.

టీ తాగి వచ్చిన లైబ్రేరియన్ గారికి చిట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆయన ఒకటి విన్నారు, రెండు విన్నారు. పాలు పొంగే దగ్గర నోట్లో పిప్పరమెంటు ఆగిపోయింది.

"బయటి శబ్దం వస్తే ఆపి, పేజీ మళ్ళీ చదవాలని కదా మన నిబంధన! అన్నీ అలాగే చేశానని ప్రతి పుస్తకానికీ ఒట్టేసి చెప్పేవాడే మీ నాన్న!"

"సాయంత్రం ఇంట్లో అడుగుతాను లెండి. ఇప్పుడివి చెత్తేనా?"

ఆయన హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే చెయ్యి ఊపారు. కానియ్, పంపు అని. ఇంకో గుర్తు వినే తొందరలో ఉన్నారాయన.

పని నిజానికి చాలా చిన్నది. ఎనిమిది వేలూ ఒకే ఆజ్ఞలో పంపకుండా, వెయ్యేసి వరసలుగా విడగొట్టి పంపాలి. అప్పుడు గడుల లెక్క ఎప్పుడూ పరిమితి దాటదు. కానీ విడగొడితే మధ్యలో ఏదైనా ఆగిపోయి సగం వచ్చి సగం రాకపోతే? పొద్దుట్నుంచీ చిట్టి భయం అదేగా. దానికీ దారి ఉంది. ముక్కలన్నిటినీ ఒకే లావాదేవీ కింద పెట్టి, ఆఖరి ముక్క కూడా చేరాకే అన్నిటినీ కలిపి ఖాయం చెయ్యమంటే సరి. ఒక ఆజ్ఞంటేనే ఒక కట్ట అనుకుని ఇన్నాళ్ళూ తను రెండిటినీ కలిపేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని లేదని మనసులో అనుకుని, ప్రోగ్రాం దిద్దింది.

మొదటి వెయ్యి వెళ్ళాయి. రెండో వెయ్యి వెళ్ళాయి. చిట్టి ఊపిరి బిగబట్టి చూస్తుంటే చివరి చిల్లర కూడా చేరి, అన్నీ ఒక్కసారిగా ఖాయమయ్యాయి. పాత యంత్రంలో ఎన్నున్నాయో కొత్తదాంట్లో అన్నీ ఉన్నాయి. అయినా నమ్మకం చాలక మళ్ళీ ఆపరేటరమ్మకి ఫోన్ చేసి, ఆవిడ పెట్టెని కొత్తదానికి కలిపి, ఏదో ఒక గుర్తు నొక్కమంది.

ఫోన్లోంచే వినపడింది. ముందు నాన్న గొంతు, వెనకాల అమ్మ: "నేను మాట్లాడుతున్నది మనుషులతోనేనా?"

"మనుషులతోనేనమ్మా" అంది ఆపరేటరమ్మ, చిట్టితో కాదు.

సాయంత్రం చిట్టి ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఆమె చేతుల వైపు చూసింది. చేతులు ఖాళీ. అమ్మ మూతి ముడుచుకుంది. చిట్టి అదేమీ పట్టించుకోకుండా ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ నాన్న పేపరు కోసం అటూ ఇటూ చూశాడు. అది ముందే చిట్టి చేతిలో ఉంది.

"ఎనిమిది వేల సార్లా!" అన్నాడు చివరికి.

"బయటి శబ్దాలు తీసేసి మళ్ళీ చదివేవాణ్ణని చెప్పారుట?" అంది చిట్టి.

"మొదట్లో చదివేవాణ్ణి. ఒకటి తీసి పేజీ మళ్ళీ చదివేసరికి మీ అమ్మ ఇంకోటి అనేది. అది తీసేసరికి మరోటి. ఆ లెక్కన ఒక్క పుస్తకమన్నా పూర్తవుతుందా? వదిలేశాను."

అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "అంటే నేనన్నవన్నీ మీకు వినపడేవన్నమాట!"

"వినపడక? మధ్యలో గోడే కదా."

"మరి ఒక్కసారన్నా పలికారా?"

"పలికితే అదీ రికార్డయిపోతుంది కదే!" అన్నాడు నాన్న, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

అమ్మకి కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడ ఏదో ఒకటి తేల్చుకునేలోపల చిట్టి ఫోన్ కలిపి ఆవిడ చేతిలో పెట్టింది. "ఆవిడే. మాట్లాడు."

ఎప్పుడూ ఎవరో ఒకరితో చెప్పుకోవాలని తపించిన మనిషికి, తీరా వినేవాళ్ళు దొరికేసరికి, ఒక్క మాట కూడా రాలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. అటునుంచి ఆపరేటరమ్మ గంట గొంతు గదంతా వినపడింది.

"ఏమ్మా, ఆ రోజు గ్యాస్ వచ్చిందా?"

అమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "రాలేదండీ!" అంది. "ఎక్కడొచ్చింది! ఈయన చదువుతూనే ఉన్నారు, నేను పక్కింటివాళ్ళ పొయ్యి మీద వండుకొచ్చాను!" అంతే, కట్ట తెగింది. పక్కింటి పొయ్యి దగ్గర మొదలై, పాలు ఎవరు దింపారో, పడుకున్న పిల్ల ఎలా లేచిందో, గోడల నిండా వేలాడదీసిన దుప్పట్లు ఉతకడానికి ఎన్ని అవస్థలు పడిందో అన్నీ వరసగా వచ్చాయి. చిట్టి మధ్యలో ఏదో అనబోయింది. నాన్న వెంటనే వేలు పెదాల మీద పెట్టుకుని, "ష్!" అన్నాడు.

ఇద్దరూ కదలకుండా కూర్చుని విన్నారు. నిజంగా విన్నారు. అమ్మ ఇంత సరదాగా మాట్లాడుతుందని చిట్టికి ఇన్నాళ్ళూ తెలియదు, అందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

"...అదేనండీ నేను చెప్పేది" అంటోంది అమ్మ ఫోన్లో. "ఇవాళ పొద్దున్నే మా అమ్మాయికి స్టవ్ లైటర్ తెమ్మని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పాతది వెలగడం లేదని కూడా చెప్పాను. తెచ్చిందా?"

చిట్టి చప్పుడు కాకుండా లేచి చెప్పులు వేసుకుంది. నాన్న కూడా లేచాడు. కొట్టు వీధి చివరే అయినా ఆయన చొక్కా తొడుక్కుని మరీ బయల్దేరాడు.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి," అని లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది, "పిల్లి వస్తుంది. వినబడుతోందా?"

"వినబడుతోంది!" అన్నారు ఇద్దరూ ఒకేసారి, వీధిలోంచి.